ఛాయాస్తంభము

తాయ్‌లాండు దేశమున ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు ఆయుత్థయ నగరమును చూచివచ్చి మాకొక ఛాయాచిత్రమును పంపెను. పాడుపడిన ఆలయప్రాంగణమొకటి, అందు మూడు స్తూపములు, పెద్ద గంటలను బోర్లించి వానిపై సూదులు నాటినట్లు, వరుసగా నిలిచియున్నవి. ఆ దేశపువారు వానిని ‘చేదీ’లందురట. అది మన ‘చైత్య’ శబ్దమే. ఆ ఆలయము పేరు వాట్ ప్ర శ్రీ సన్‌పేత్. రెండవ రామాధిపతి అను రాజు 1492వ సంవత్సరమున తన తండ్రి త్రైలోకనాథుని అస్థులకొక స్తూపమును, తన అన్న అస్థులకొక స్తూపమును అచ్చట కట్టించెను. మూడవది అతని అస్థులకే తరువాతివారు కట్టినది. 1767లో బర్మావారి దండు ఆ నగరమును తగులబెట్టినను ఆ మూడు స్తూపముల స్థానము చెడలేదు. ఇప్పటికిని జనులు పోయి వాని ముందు నిలిచి తమ రాజులను తలచుకొనుచున్నారు.

చిత్రము క్రింద అతడొక ప్రశ్న వ్రాసెను: “మామయ్యా, బౌద్ధక్షేత్రంలో ఒక రాజుకు కట్టిన గుర్తు మన తెలుగుదేశంలో ఎక్కడైనా ఉందా?”

ప్రశ్న చిన్నదే. ఉత్తరము మాకు వెంటనే తోచలేదు. ఊరక “చూచి చెప్పెదము” అని వ్రాసి ఊరకుంటిమి. అయితే ఆ లేఖను మా మేనత్తగారు చదివించుకొని వినిరి. ఆమె మాడుగులలో మా యింటనే యుందురు, ఎనుబదియేండ్లు దాటినవి. విని, కొంతసేపు మాటాడక, “తండ్రికి కొడుకు కట్టాడన్నమాట. అన్నగారికి తమ్ముడు కట్టాడు. ఆడవాళ్లెవరూ కట్టలేదూ?” అని అడిగిరి.

ఆ మాట వెనుక ఒక సంగతి కలదు. మా తండ్రిగారు గతించి అప్పటికి పదునొకండు మాసములు. ఆయన సంవత్సరీకమునకు ఊరిలో బస్సులు ఆగుచోట ఒక చలివేంద్రపు అరుగు కట్టింపవలెనని మేము అన్నదమ్ములము అనుకొంటిమి. అరుగునకు రాతిపలక యుండవలెను గదా! పలకపై ఎవరెవరి పేర్లుండవలెనను మాట వచ్చినది. కుమారుల పేర్లుండుట ఆచారమని పెద్దలు చెప్పిరి. మేనత్తగారు అప్పుడేమియు అనలేదు. మా తండ్రిగారిని పసితనమున చంకనెత్తుకొని తిప్పినది ఆమెయే.

మేము ముందుగా దగ్గరనున్న బౌద్ధక్షేత్రమును చూడబోతిమి. మాడుగులనుండి వడ్డాది, చోడవరముల మీదుగా అనకాపల్లి సుమారు 40 కిలోమీటర్లు. ఈ సీమకు రాజుల కొదువ యెన్నడును లేదు. వడ్డాది ఒకప్పుడు మత్స్యవంశపు రాజులకు నెలవు. ఆ వంశమువాడైన అర్జునుడు 13వ శతాబ్దమున వ్రాయించిన తామ్రశాసనములు ఆ చేరువనున్న దిబ్బిడలో దొరకినవి. మాడుగుల మొన్నమొన్నటివరకు జమీందారీ ముఖ్యస్థానము. ఇప్పుడు ఆ పేరు చెప్పగానే జనులకు హల్వాయే తోచును, రాజులు తోచరు. అది హల్వా గొప్పతనమని మా ఊరివారు సమాధానపడుదురు.

అనకాపల్లి దాటి మూడు కిలోమీటర్లు పోయినచో శంకరమను గ్రామము. సంఘారామమను మాటయే శంకరమైనదని పండితులు నిశ్చయించిరి. అచ్చట పొలముల నడుమ రెండు కొండలు కలవు. తూర్పుదానిని బొజ్జన్నకొండయనియు పడమటిదానిని లింగాలకొండయనియు అందురు. లింగాలకొండమీద లింగములు లేవు. కొండరాతినే తొలిచి వరుసలు వరుసలుగా మలచిన స్తూపములు దూరమునకు శివలింగములవలె కనబడుటచే ఆ పేరు వచ్చినది. బొజ్జన్నకొండమీద గుహలు కలవు. అందొకదానిలో పదునారు స్తంభములు, నడుమ ఏకశిలాస్తూపము, దానిపై అంతస్తున మరియొక గుహ, అందు బుద్ధుని ప్రతిమ. కొండకొమ్మునున్న మహాస్తూపము సగము కొండ, సగము ఇటుక. అడుగుభాగమును రాతినుండి చెక్కి, పైభాగమును ఇటుకలతో పూరించిరి. ఏది ప్రకృతిచేసినదో ఏది మనుష్యుడు చేసినదో విడదీయరాని కట్టడములు మన దేశమున మిక్కిలి కొన్ని; వానిలో నిది యొకటి.

1907వ సంవత్సర ప్రాంతమున అలెగ్జాండర్ రీ అను పురావస్తుశాఖాధికారి ఈ కొండను త్రవ్వించెను. దొరకినవానిలో మట్టిముద్రలు కలవు. శాతవాహనుల సీసపు నాణెము కలదు. సముద్రగుప్తుని బంగారునాణె మొకటి కలదు. విషమసిద్ధి యను బిరుదుగల తూర్పుచాళుక్య విష్ణువర్ధనుని రాగినాణెములు కలవు. ఏ బాటసారి మొలనుండి జారినదో, ఏ భక్తుడు కానుకగా ఉంచినదో సముద్రగుప్తుని బంగారము ఈ శారదానదీతీరమునకు వచ్చిచేరినది. రాజులు ఈ కొండపై నున్నది అంతమాత్రమే: నాణెములపై, అంగుళము వెడల్పున. స్తూపములు వందలు కలవుగాని వానిలో ఇది ఫలానావానిదని చెప్పు అక్షరము మాకొకటియు కానరాలేదు.

ఇంకొకటి చెప్పవలెను. కనుమనాడు ఇక్కడ పెద్ద తీర్థము. చుట్టుప్రక్కల గ్రామములవారందరును వత్తురు. బొజ్జన్న యనగా పెద్దబొజ్జగల రాక్షసుడని తలచి ఆ దినమున రాళ్లు విసరుట ఇటీవలివరకు ఆచారముగా నుండెను. తెలిసినవారు చెప్పిచెప్పి దానిని మాన్పించిరి. బుద్ధుని పేరే బొజ్జన్నయైనదని కొందరందురు. అదే నిజమైనచో, పేరు చెరిగిన పిమ్మట దేవునకే అట్టి గతి పట్టినదనవలెను. ఇక రాజుల మాట యెంత!

మేనత్తగారు మెట్లెక్కలేక క్రిందనే హారీతిదేవి బొమ్మయొద్ద కూర్చుండిరి. మేము దిగివచ్చి చూచినదంతయు చెప్పితిమి. ఆమె విని, “పేరు లేనప్పుడు ఎవరనుకుని దండం పెట్టాల్రా?” అనిరి. పెట్టక మానలేదు.

శంకరమున ఉత్తరము దొరకలేదు. కాని ఉత్తరము ఎక్కడ దొరకునో అక్కడనే మాకు తోచినది. ఆమె నడిగితిమి: “అత్తా, రైలులో ఒకరాత్రి, బస్సులో సగము దినము, ఆపైన పడవ. రాగలవా?” ఆమె, “పడవ కూడానా!” అని, మరునాటికే సంచి సర్దుకొనిరి.

గుంటూరుమీదుగా మాచర్లకు, అచ్చటనుండి విజయపురి సౌత్‌నకు చేరితిమి. ఆ రేవునుండి లాంచి నాగార్జునకొండకు సుమారు ముప్పావుగంటలో చేరును. చుట్టును నీరు. దూరమున నల్లమల శాఖలు. కొండయని పేరేగాని ఇప్పుడది ద్వీపము. మూడువైపుల కొండలును నాల్గవవైపు కృష్ణానదియు కాపుండిన లోయ మన పడవక్రింద నున్నది. విజయపురి యను రాజధాని ఆ లోయలోనిది. శాతవాహనుల బలము తగ్గిన పిమ్మట, క్రీస్తుశకము 3వ శతాబ్దమున, ఇక్ష్వాకులను తెలుగురాజులు అచ్చట నెలకొనిరి. నలుగురు రాజులు, నూరేండ్ల యేలుబడి, అంతే. ఆ నూరేండ్లలో ఆ లోయలో ముప్పదికిపైగా బౌద్ధసంస్థలు, శివునికిని కార్తికేయునికిని ఆలయములు, స్నానఘట్టములు, మెట్లుగల రంగస్థలము వెలసినవి.

ఇక్ష్వాకులు తాము అయోధ్య రాజవంశీయులమని చెప్పుకొనిరి. మా మేనల్లుడు చూచివచ్చిన ఆయుత్థయ పేరును అయోధ్యయే. అచ్చటి రాజు రామాధిపతి. కృష్ణాతీరమున నొకడు, చావో ప్రయా తీరమున నొకడు, వేయేండ్లకు మించిన యెడముతో, ఒకే ఊరిపేరు పట్టుకొని రాజ్యములు కట్టిరి. అసలు అయోధ్య సరయూతీరమున నుండనే యున్నది.

కొండపైని ప్రదర్శనశాల బౌద్ధవిహారమును తలపించునట్లు కట్టబడినది. బుద్ధప్రతిమలను, జాతకకథల ఫలకములను చూచుచు జనులు ముందుకు సాగిపోవుదురు. మేము ఒక రాతికంబముకొరకు వెదకితిమి. వాసిష్ఠీపుత్ర శ్రీ శాంతమూలుని స్మారకస్తంభమది. శాసనములయందలి ప్రాకృతమున ‘చాంతమూల’ అని యుండును. ఇక్ష్వాకులలో మొదటి రాజు అతడే. కంబముపై ఒకదానిపై నొకటిగా శిల్పఫలకములు. వానిలో పరివారము నడుమ రాజు. చెక్కడమున్న రాతి మీదనే బ్రాహ్మీలిపిలో శాసనము.

శాసనమును మేము మేనత్తగారికి అర్థము చెప్పితిమి. శాంతమూలుడు అశ్వమేధము చేసినవాడు. కోట్లకొలది బంగారమును, లక్ష గోవులను, లక్ష నాగళ్లను దానమిచ్చినవాడు. అతడు స్వర్గస్థుడైన పిమ్మట, అతని కుమారుడగు వీరపురుషదత్తుని యేలుబడిలో 20వ సంవత్సరమున, ఈ స్తంభము నిలుపబడినది.

“కొడుకు నిలిపాడా?” అని ఆమె అడిగిరి.

కాదు. సంవత్సరము మాత్రము కుమారునిది. నిలిపినవారు స్త్రీలు. శాసనమున అక్కచెల్లెండ్రు కలరు, తల్లులు కలరు, దేవులు కలరు. ఒకతల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెండ్రను మాట స్పష్టముగా చెక్కబడినది. ఆ తరువాత పేర్లు, పేర్లవెంట పేర్లు, అన్నియు స్త్రీల పేర్లు.

ఆమె ఇంకేమియు అడుగలేదు. కంబము చుట్టును నెమ్మదిగా ఒకమారు తిరిగి, అక్షరములున్నచోట నిలిచిరి.

శాంతమూలుడు వైదికమతానుయాయి. అగ్నిష్టోమ వాజపేయ అశ్వమేధములు చేసెను. మహాసేనుడు అతని యిలువేలుపు. అతని యింటి స్త్రీలు బౌద్ధులు. నాగార్జునకొండలోని గొప్ప కట్టడములు పెక్కులు ఆ స్త్రీలవే. అతని సోదరి శాంతిశ్రీ వీరపురుషదత్తుని 6వ సంవత్సరమున అచ్చటి మహాచైత్యమును పూర్తిచేయించెను. దీఘనికాయమును మజ్ఝిమనికాయమును నేర్చిన భదంత ఆనందుడను భిక్షువు ఆ పని నడిపించెను. స్తూపమునకు నాలుగు దిక్కులను వేదికలు కట్టి, ఒక్కొక్కదానిపై ఐదేసి స్తంభములు నిలుపుట ఆంధ్రదేశపు పద్ధతి, వానిని ఆయకస్తంభములందురు. ఆ స్తంభములపై రాజవంశపు స్త్రీలు తమ పేర్లు, తమ పుట్టినింటి పేర్లు, మెట్టినింటి పేర్లు, తమ కోరికలు వ్రాయించిరి. ఇక్ష్వాకుల వంశావళి నేడు మనకు తెలిసియున్నదనిన, అందు చాలభాగము ఆ దానశాసనముల పుణ్యమే. మగవారు యజ్ఞములు చేసిరి, యజ్ఞశాలలు కాలిపోవును. ఆడవారు రాళ్లపై వ్రాయించిరి.

శాంతిశ్రీ సంగతి మరికొంత చెప్పవలెను. ఆమె పూకీయ వంశమువాడైన మహాతలవర స్కందశ్రీకి భార్య. తలవరి యను పదవి తరువాతి కాలమున గ్రామములలో కావలివాని పేరుగా దిగిపోయినదిగాని ఆనాడు మహాతలవరు లనగా రాజునకు ఇంచుమించు సాటివారైన ప్రభువులు. వీరపురుషదత్తుడు శాంతిశ్రీకి అన్నకొడుకో తమ్మునికొడుకో కావలెను. ఒక శాసనమున ఆమె అతనిని తన అల్లుడని పేర్కొని, అతని ఆయుర్వృద్ధికిని విజయమునకును ఆ పుణ్యము చెందవలెనని కోరుకొన్నది. అనగా మేనత్తయే అత్తగారైనది. శాంతమూలుని మరియొక సోదరి హమ్మశ్రీ. ఆమె కూతుండ్రిద్దరును వీరపురుషదత్తుని రాణులే. విదేశపు పండితులు ఈ సంబంధములను చూచి ఆశ్చర్యపడి పుటలు వ్రాసిరి. మేము మేనత్తగారికి చెప్పగా ఆమెకు ఆశ్చర్యమేమియు కలుగలేదు. “మేనరికమే కదరా. వేరే ఎవరికిస్తారు?” అనిరి.

రాజుల పేర్లలోకూడ తల్లి యున్నది. శాంతమూలుడు వాసిష్ఠీపుత్రుడు, అతని కుమారుడు మాఠరీపుత్రుడు. తల్లి పుట్టినింటి గోత్రమును పేరునకు ముందు చేర్చుకొనుట శాతవాహనుల నాటినుండి మన రాజులకు వాడుక. గౌతమీపుత్ర శాతకర్ణిని ఎరుగనివారుండరు. సింహాసనము తండ్రినుండి కొడుకునకు పోయినను, పేరు పలుకునప్పుడు తల్లినే ముందు పలికిరి.

ఆ స్త్రీల ధర్మబుద్ధి ఆ లోయకు మాత్రము పరిమితము కాలేదు. బోధిశ్రీ యను ఉపాసిక రాజవంశపుదికాదు; గృహస్థురాలు. ఆమె వీరపురుషదత్తుని 14వ సంవత్సరమున ఒక చైత్యగృహమును కట్టించి, తామ్రపర్ణి యనగా సింహళమునుండి వచ్చిన ఆచార్యుల కర్పించినది. కాశ్మీర గాంధార చీనాది దేశములను ధర్మమున ప్రసన్నము చేసినవారని ఆ ఆచార్యులను ఆ శాసనము కొనియాడుచున్నది. తెలుగుగడ్డపై కూర్చుండి ఒక యింటి యిల్లాలు చీనాదేశముపేరు రాతిపై చెక్కించినది, 1700 యేండ్లకు పూర్వము. తరువాత కృష్ణాతీరపు బుద్ధప్రతిమల తీరు సముద్రము దాటి సింహళమునకును, సయాము మొదలగు తూర్పుదేశములకును పోయినది. మా మేనల్లుడు నివసించుచున్న దేశపు చైత్యములకు ఈ తీరముతో చుట్టరికము కలదనుట అతిశయోక్తి కానేరదు.

అయితే వారి స్మారకమునకును మన స్మారకమునకును ఒక భేదము కలదు. సయాములో రాజస్మారకము అస్థులపై కట్టినది. ఆయుత్థయకు నూటయేబది యేండ్లు ముందే, 1345లో, చియాంగ్ మాయ్ నగరమున ఫాయూ అను రాజు తన తండ్రి ఖాంఫూ అస్థులకు చైత్యము కట్టించెను. ఆ చైత్యముచుట్టు పెరిగినదే వాట్ ప్ర సింగ్ అను ప్రసిద్ధాలయము. బుద్ధధాతువు నుంచు గౌరవమును వారు రాజధాతువునకును ఇచ్చిరి. నాగార్జునకొండలో అట్లు కాదు. మహాచైత్యగర్భమున బంగారుభరిణెలో ఒక ఎముకముక్క దొరకినది. అది బుద్ధధాతువని విశ్వసించి తరువాత సారనాథమున మూలగంధకుటీ విహారమున భద్రపరచిరి. శాంతమూలునకు దక్కినది ధాతుగర్భము కాదు, ఒక కంబము మాత్రమే. ఇట్టి కంబములను అక్కడి శాసనములలో ‘ఛాయాస్తంభము’ అనిరి. ఛాయ యనగా నీడ, రూపమనియు అర్థము. పోయినవాని నీడను నిలిపిన స్తంభము.

ఛాయాస్తంభములు రాజునకే కాదు. నాగార్జునకొండలో యుద్ధమున పడిన సైనికులకు కలవు. శిల్పుల పెద్దయొకనికి కలదు. మహాక్షత్రపుని కుమార్తె, రాజు ఎహువుల శాంతమూలుని దేవి యగు వమ్మభట్టకు కలదు; ఆమెది ఆమె కుమారుడు రుద్రపురుషదత్తుని 11వ సంవత్సరమున నిలిపినది. పడమటినుండి శకులపడుచు కోడలుగా వచ్చి, తెలుగుదేశమున చనిపోయి, నీడగా నిలిచినది. రాజునకును, కూలివారిపై పెద్దకును, ప్రాణమిచ్చిన బంటునకును ఒకే తీరు కంబము! మాకు ఆయుత్థయలోని మూడు స్తూపముల వైభవము తెలియకపోలేదు. ఐనను ఎంచుకొనుమన్నచో మేము ఈ కంబమునే ఎంచుకొందుము.

రాజుల రూపములను బౌద్ధస్థలములందు నిలుపుటకు ఇంకొక సాక్ష్యము ఇటీవల కర్ణాటకమున బయల్పడినది. భీమానదీతీరమున, సన్నతికి చేరువనున్న కనగనహళ్లిలో 1990 తరువాతి త్రవ్వకములయందు ఒక మహాస్తూపము వెలువడినది. అందొక ఫలకమున దేవితోను పరిచారికలతోను నిలిచిన రాజు, పైన ‘రాయో అసోకో’ అను అక్షరములు. అశోకుని పేరుతో గుర్తుపట్టదగిన శిల్పము అంతకుముందు దొరకియుండలేదు. అక్కడనే శాతవాహన రాజుల రూపములును పేర్లతో కలవు. శిల్పులు వారిని బుద్ధకథలప్రక్కనే నిలిపిరి. అయితే అవి చైత్యపు ఒడిలోని అలంకారములు. ఒక్క మనుష్యుడు చనిపోయెనను దుఃఖముతో నిలిపినది శాంతమూలుని కంబము.

ఆ కంబము మొదట నిలిచినచోట ఇప్పుడు లేదు. లోయలోని శిథిలములను 1926లో రంగస్వామి సరస్వతిగారు గుర్తించి లోకమునకు తెలిపిరి. పిదప లాంగ్‌హర్‌స్ట్, రామచంద్రన్‌గారలు త్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి; లోయ మునుగుట నిశ్చయమయినది. దానికి ఒకయేడు ముందునుండి 1960 వరకు సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున లోయ నంతటిని త్రవ్విరి. నీటికిని పారకును పందెము. దొరకిన వస్తువులను కొండమీదికి చేర్చిరి. కొన్ని కట్టడములను ఇటుక ఇటుకగా విప్పి కొండపై తిరిగి కట్టిరి. మరికొన్నిటిని తూర్పుగట్టున అనుపులో కట్టిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. ఆ నీటితో పండుటకు ఉద్దేశించిన భూమి సుమారు 22 లక్షల యెకరములు.

లక్ష నాగళ్లు దానమిచ్చితినని చెప్పుకొన్న రాజు రాజధాని నాగళ్లకొరకే మునిగినది. దీనికి దుఃఖపడవలెనో సంతోషింపవలెనో మాకు నేటికిని నిశ్చయము లేదు. అన్నము తినువారము గనుక తప్పుపట్టలేము. కాని ఒకటి మాత్రము మనసున కలుక్కుమన్నది. నీడ యనగా ఎండయుండవలెను, నేల యుండవలెను. కప్పుక్రింద, దీపముల వెలుతురున నిలిచిన ఆ కంబమునకు నీడ లేదు. అక్కచెల్లెండ్రు ఏచోట దానిని నిలిపిరో, ఉదయమున ఆ నీడ ఏవైపు పడుచుండెనో, ఆ నేలపై ఇప్పుడు చేపలు తిరుగుచున్నవి.

ఈ మాటనే మేనత్తగారితో లాంచిలో అంటిమి. ఆమె నీటివంకనే చూచుచు, “రాయి కదిలితేనేం, పేరు కదల్లేదు కదా” అనిరి. తరువాత, “ఆ పేర్లు మళ్లీ ఒక్కసారి చెప్పు” అనిరి. మేము వ్రాసికొన్నవి చదివితిమి: శాంతిశ్రీ, హమ్మశ్రీ, హమ్మశ్రీ కూతుండ్రు బాపిశ్రీ, షష్ఠిశ్రీ. బోధిశ్రీ. ఆమె వ్రేళ్లు మడచి లెక్కపెట్టిరి. “అందరికీ శ్రీ ఉందే!” అని నవ్విరి. మా తండ్రిగారు పోయిన పిమ్మట ఆమె నవ్వగా మేము విన్నది అదియే మొదటిసారి.

మాడుగుల చేరినమీదట మా మేనల్లునకు ఉత్తరము వ్రాసితిమి. ఉన్నది, స్తూపము కాదు, కంబము, కొడుకు కట్టినది కాదు, నీవు చూచినదానికంటె వేయేండ్లకు పైగా పాతది, ఈమారు సెలవులకు వచ్చినప్పుడు నిన్నును తీసికొనిపోయెదము, అని.

సంవత్సరీకము నాలుగుదినములుండగా రాతిపనివాడు పలక తెచ్చి యింటిముందు దించి, ఏమి చెక్కవలెనని అడిగెను. పెద్దన్నగారు కాగితము తీసి చదువనారంభించిరి. తండ్రిగారి పేరు, జననము, మరణము. “వీరి జ్ఞాపకార్థము” అనునంతవరకు వచ్చి ఆగి, కాగితమును మాచేతి కిచ్చిరి. అన్నగారును శాసనము మాట వినియున్నారు. మేము కలము తీసి, ఆ తరువాతి పంక్తిలో ‘సహోదరి’ యని వ్రాసి, మేనత్తగారి పేరు వ్రాసితిమి. కుమారుల పేర్లు దాని క్రింద వచ్చినవి. రాతిపనివాడు అక్షరములు లెక్కపెట్టి, పలక చాలదు, పెద్దది కావలెననెను. ఇంకొక పలకకు మరునాడు చోడవరము పోయివచ్చితిమి.